అటు నలుగురు, ఇటు నలుగురు

సెప్టెంబర్ 9, మంగళవారం, ఉదయం 9.40. రాష్ట్ర నియోజకవర్గాల పునర్విభజన కమిషన్ మొదటి సమావేశంలో శ్రీవల్లి వేరొకరి కుర్చీలో కూర్చుంది.

తప్పు ఆమెది కాదు. తలుపు దగ్గరున్న ఉద్యోగి ఆమె ముఖం చూసి, పేరు అడక్కుండా, నీలం ఫైళ్ల వైపు చెయ్యి చూపించాడు. నీలం ఫైళ్లు డెమొక్రాట్లవి; భారతీయులంతా అటేనని అతని లెక్క. ఎర్ర ఫైళ్లు రిపబ్లికన్లవి. శ్రీవల్లి రిపబ్లికన్ సభ్యురాలు.

9.44కి ఒక యువకుడు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అతని గొడుగులోంచి వాన నీళ్లు ఆమె బూట్ల మీద కారాయి.

“ఎక్స్‌క్యూజ్ మీ, అది నా సీట్,” అన్నాడు ఇంగ్లీషులో. తర్వాత ఆమె మెడలో బ్యాడ్జి చదివాడు. “ఓ! తెలుగా?”

“కుర్చీ చాలా, కులం కూడా కావాలా?”

“కుర్చీ చాలు. ఫైల్ మీద నా పేరుంది చూడండి. నీరజ్. మీ ఫైల్ అక్కడ ఎర్రవాళ్ల దగ్గరుంది.” ఆగాడు. “మీరు రిపబ్లికనా?”

“కాగితం మీద.”

“నేను కాగితం మీద డెమొక్రాట్‌ని. ఈ గొడుగు కొంచెం పట్టుకుంటారా?”

పట్టుకోలేదు. లేచి ఎర్ర ఫైళ్ల వైపు వెళ్లి కూర్చుంది. కుర్చీలు ఎదురెదురుగా రెండు వరుసల్లో వేశారు కాబట్టి ఆమె కూర్చున్నది సరిగ్గా అతనికి ఎదురుగా.

పాత మ్యాప్‌ను కోర్టు కొట్టేశాక ఈ కమిషన్ పుట్టింది. ఒక పార్టీ పెత్తనం ఉండకూడదని చట్టం చేశారు. డెమొక్రాట్లు నలుగురు, రిపబ్లికన్లు నలుగురు, చైర్మన్‌గా ఏ పార్టీలోనూ లేని రిటైర్డ్ జడ్జి ఒకరు. పార్టీ సభ్యుడు ఆ పార్టీ పేరున కనీసం ఐదేళ్లుగా ఓటరుగా నమోదై ఉండాలి. తేదీలు సరిచూడటానికి ఇద్దరు లాయర్లకు మూడు వారాలు పట్టింది. లాయర్లలోనూ అటొకరు, ఇటొకరు. ఎనిమిది మందిలో ఏ ఒక్కరినీ మీ అభిప్రాయాలేమిటని ఎవరూ అడగలేదు. దరఖాస్తులో ఆ ప్రశ్న లేదు.

సమతూకం అన్నిట్లోనూ పాటించారు. కాఫీ మెషీన్లు రెండు పెట్టారు. రెండో వారం నీలం వైపు మెషీన్ పాడైంది. అది బాగయ్యేదాకా ఎర్ర వైపు మెషీన్‌ను కూడా ఆపేశారు.

మొదటి రోజు చర్చలో శ్రీవల్లి ఊళ్ల మధ్య బస్సులు పెంచాలంది. నీరజ్ అందుకు కొత్త పన్ను వేస్తే ఊరుకోనన్నాడు. నీలంవాళ్ల మాట ఎర్ర వైపు నుంచి, ఎర్రవాళ్ల మాట నీలం వైపు నుంచి వచ్చింది. చైర్మన్ కళ్లజోడు తీసి, సీటింగ్ చార్టు చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

శ్రీవల్లికి ముప్పై ఒకటి. ఫార్మసిస్టు. వెస్ట్‌బ్రూక్ టౌన్‌షిప్‌లో అమ్మానాన్నలతో, నాన్నమ్మతో ఉంటుంది. ఆమెకు కావలసింది ఒక ట్రాఫిక్ సిగ్నల్.

వెస్ట్‌బ్రూక్‌లో మిల్ రోడ్డుకు ఇటు అపార్ట్‌మెంట్లు, అటు స్కూలు, గుడి, ఇండియన్ గ్రాసరీ ఉన్నాయి. దాటడానికి ఒక కూడలి ఉంది. పాత మ్యాప్‌లో మూడు నియోజకవర్గాల గీతలు ఆ కూడలి మధ్యలో కలిశాయి. సిగ్నల్ కోసం ఆరేళ్లుగా అర్జీలు పెట్టారు. అది తన పరిధి కాదని ముగ్గురు ప్రతినిధులూ జవాబు రాశారు. కిందటేడు ఒక వ్యాన్ తగిలి ఆమె నాన్నమ్మ ధనమ్మ చీలమండ విరిగింది. ఆస్పత్రికి మూడు బొకేలు వచ్చాయి.

కమిషన్‌కు దరఖాస్తు చేసినప్పుడే తాను పదమూడేళ్లుగా రిపబ్లికన్‌నని శ్రీవల్లికి తెలిసింది. ఏటా నవంబర్‌లో ఓటేసేది. అప్పుడు పార్టీ ఎవరూ అడగరు. ఎవరో టైపు చెయ్యడంలో పొరపాటు పడ్డారనుకుంది. ఏ వైపు కుర్చీ దొరికినా గీత గీసే బల్ల ఒక్కటే కదా అనుకుని సంతకం పెట్టింది.

సెప్టెంబర్ 27, శనివారం, కమిషన్ వెస్ట్‌బ్రూక్ స్కూలు క్యాంటీన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టింది. ధనమ్మ తెలుగులో మాట్లాడతానంది. ఇంగ్లీషులోకి ఎవరు చెప్పాలన్న దాని మీద పదకొండు నిమిషాలు చర్చ జరిగింది. రిపబ్లికన్ సభ్యురాలు చెబితే డెమొక్రాట్లకు అభ్యంతరం. డెమొక్రాట్ చెబితే రిపబ్లికన్లకు అభ్యంతరం. చివరికి ఒక వాక్యం శ్రీవల్లి, ఒక వాక్యం నీరజ్ చెప్పాలని తీర్మానించారు.

“నా కాలు విరిగింది,” అంది ధనమ్మ.

శ్రీవల్లి ఇంగ్లీషులో చెప్పింది.

“మూడు పూలగుత్తులు పంపించారు.”

నీరజ్ చెప్పాడు.

“పూలు పట్టుకుని రోడ్డు దాటమంటారా?”

శ్రీవల్లి చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ముగ్గురు ప్రతినిధుల సహాయకులూ ముందు వరుసలోనే ఉన్నారు.

ధనమ్మ నీరజ్ వైపు తిరిగింది. “ఏం బాబూ, పెళ్లయిందా?”

వంతు నీరజ్‌ది. అతను మైకు ఎత్తు సరిచేశాడు.

“ట్రాన్స్‌లేట్ చెయ్యండి,” అన్నాడు చైర్మన్.

“నాకు పెళ్లయిందా అని అడుగుతున్నారు, సర్.”

“రికార్డులో ప్రశ్న ఉంటే జవాబు కూడా ఉండాలి.”

“కాలేదు.”

స్టెనో టైపు చేసింది.

“ఏం చేస్తుంటావు?”

శ్రీవల్లి పళ్లు బిగించి అనువదించింది.

“హైస్కూల్లో టీచర్‌ని నాన్నమ్మగారూ. గవర్నమెంట్, అంటే మన సివిక్స్, చెబుతాను.”

“సాఫ్ట్‌వేర్ కాదా!” అంది ధనమ్మ. “పోన్లే. సాయంత్రం ఇంటికి తొందరగా వస్తావు.”

ఇది ఎవరూ అనువదించలేదు. అయినా కమిషన్ లాయర్లలో ఒకాయన బ్రేక్‌లో ఇద్దరినీ పిలిచి రూల్ పుస్తకం తెరిచాడు. పద్నాలుగో పేజీ. కమిషన్‌లో ఏ ఇద్దరు సభ్యులూ ఒకే కుటుంబం వారై ఉండరాదు. పెళ్లికి పరస్పరం అంగీకరించుకున్న వారైనా కుటుంబమే. అంగీకరించిన రోజే రాసివ్వాలి. ఒకరు తప్పుకోవాలి.

“మాకెందుకు చూపిస్తున్నారు?” అంది శ్రీవల్లి.

“ముందు జాగ్రత్త. అటు నలుగురు, ఇటు నలుగురు ఉంటేనే ఓటింగ్ చెల్లుతుంది. ఒకరు తగ్గితే భర్తీకి అరవై రోజులు పడుతుంది. మన గడువు నవంబర్ 21. అది దాటితే మ్యాప్ మళ్లీ శాసనసభే గీసుకుంటుంది.”

శాసనసభ అంటే ఆ బొకేలు పంపిన ముగ్గురు, వాళ్ల మిత్రులు.

“మా మధ్య ఏమీ లేదు,” అన్నాడు నీరజ్.

“గొడుగు గొడవ ఉంది,” అంది శ్రీవల్లి. “అది రాసుకోండి.”

అప్పటికి నిజంగానే ఏమీ లేదు. తర్వాత రెండు వారాల్లో నాలుగు సమావేశాలు జరిగాయి. చట్టం వాళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. సమావేశానికి మూడు గంటల చొప్పున చూడటానికి ఎదుట మరొకరు లేరు. మూడో సమావేశంలో శ్రీవల్లి జనాభా లెక్కలు చదువుతూ ఒక అంకె తప్పు చదివింది. నీరజ్ మాత్రమే గమనించాడు. చెయ్యెత్తకుండా వేళ్లతో ఏడు చూపించాడు. ఆమె సరిదిద్దుకుంది. ఆ రోజు వెళ్లేటప్పుడు అతని గొడుగు తనే పట్టుకుంది.

అక్టోబర్ 11న ఇద్దరూ వెస్ట్‌బ్రూక్ లైబ్రరీలో ఓటర్ల జాబితా పరిశీలించారు. మధ్యాహ్నం 2.15కి నీరజ్ లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

“చూడు. టౌన్‌షిప్‌లో తెలుగు ఇళ్లు 412. అందులో 397 ఇళ్లలో రెండు పార్టీలూ ఉన్నయి. భర్త అటు, భార్య ఇటు. పెద్ద కొడుకు అటు, చిన్న కొడుకు ఇటు.”

“అన్ని ఇళ్లలో అంత గొడవా?”

“గొడవ కాదు. ఎవరో స్కేలు పెట్టి కొలిచినట్టుంది.” పాత మ్యాప్ గీసినప్పటి రిపోర్టులు రెండు తీశాడు. ఒకటి డెమొక్రాట్ల కన్సల్టెంట్‌ది, ఒకటి రిపబ్లికన్ల కన్సల్టెంట్‌ది. “ఇద్దరూ ఒకటే రాశారు. వీళ్లు ఎటు మొగ్గుతారో తెలియని ఓటర్లు, నమ్మలేం, మూడు ముక్కలు చేస్తే ఎక్కడా లెక్కలోకి రారు అని.”

రెండు రిపోర్టులూ కలిపి 180 పేజీలు. పార్టీలు ఏకీభవించిన వాక్యం అదొక్కటే.

“నువ్వెట్ల రిపబ్లికన్ అయినవ్?” అన్నాడు నీరజ్.

“ఎవరో తప్పు టైపు చేశారు. నువ్వు?”

“నా ఓటరు ఫారం మా అమ్మ నింపింది.”

“గవర్నమెంట్ పాఠం చెబుతావు. నీ ఫారం నువ్వు చూసుకోలేదా?”

“పాఠంలో మా అమ్మ లేదు.”

మంగళవారం ఆమె ఓటర్ల నమోదు చూసే కౌంటీ ఆఫీసుకు వెళ్లి తన ఫారం కాపీ తీసుకుంది. సంతకం తనది. మిగతా అక్షరాలన్నీ నాన్న పరంధామయ్యవి. ఆయన రాసే ఎస్ అక్షరం గాలానికి తగిలిన చేపలా ఉంటుంది.

మర్నాడు పొద్దున ఉప్మా ప్లేటు పక్కన ఆ కాగితం పెట్టింది. “నాన్నా, ఇది నీ చేతిరాతేనా?”

“నాదే. ఎంత నీట్‌గా ఉందో చూడు.”

“నన్నెందుకు రిపబ్లికన్‌ని చేశావు?”

“మీ అమ్మకి ఆ పార్టీలో తోడుంటావని.”

“నాన్నా!”

“అదేంటమ్మా, ప్లానింగ్. నేను డెమొక్రాట్, అమ్మ రిపబ్లికన్. రేపు ఎవరు గెలిచినా, గుడి పర్మిషన్‌కో దేనికో వెళ్తే మన ఇంట్లో ఒకరు వాళ్ల మనిషై ఉండాలి కదా. నీకు అప్పుడు ఫిజిక్స్ పరీక్ష. నేనే నింపి సంతకం పెట్టించా. ఇది బాగుందని తెలుగు సంఘంలో అందరికీ చెప్పా. ఓటరు అవగాహన సదస్సు, నలభై స్లైడ్లు. చప్పట్లు ఆగలేదు తెలుసా?”

శ్రీవల్లి రిపోర్టుల్లో వాక్యం చదివి వినిపించింది. మూడు ముక్కలు ఎందుకు చేశారో, గీతలు మిల్ రోడ్డు మీద ఎందుకు కలిశాయో చెప్పింది. పరంధామయ్య చెంచా కింద పెట్టాడు.

ధనమ్మ కర్ర ఆనించుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. “అయితే నా కాలు విరగ్గొట్టింది నువ్వేనట్రా?” అంది కొడుకుతో.

నవంబర్ 5, బుధవారం, సాయంత్రం 4.30కి సమావేశం ముగిసింది. వాన. శ్రీవల్లి కారు స్టార్ట్ కాలేదు. నీరజ్ కారులో ఎక్కింది. అతను కారు కదపలేదు.

“నిన్ను ఒకటి అడగాలి.”

“వద్దు. పేజీ పద్నాలుగు.”

“పేజీ పద్నాలుగులో అంగీకరించుకుంటే తప్పని ఉంది. అడిగితే తప్పని లేదు. లాయర్‌ని కనుక్కున్నా.”

“నాకంటే ముందు లాయర్‌ని అడిగావా?”

“హైపోథెటికల్‌గా.”

“ఏమన్నాడు?”

“హైపోథెటికల్‌గా కంగ్రాచ్యులేషన్స్ అన్నాడు.”

ఆమె అద్దం వైపు తిరిగి నవ్వింది. ఇటు తిరిగాక నవ్వు లేదు. “సరే అడుగు.”

“నన్ను పెళ్లి చేసుకుంటావా?”

ఆమె సీటు బెల్టు పెట్టుకుంది.

“నీ ప్రశ్న అందింది. జవాబు 21 సాయంత్రం, ఓటింగ్ అయ్యాక.”

“పదహారు రోజులా! కనీసం ఎటు మొగ్గుందో చెప్పు.”

“నమ్మలేని ఓటర్ని. రిపోర్టులో చదివావు కదా. కారు తియ్యి.”

నవంబర్ 18, మంగళవారం, మధ్యాహ్నం. శ్రీవల్లి ఫార్మసీ కౌంటర్‌లో మాత్రలు లెక్కపెడుతుండగా ఫోన్ వరసగా మోగింది. తెలుగు సంఘం వాట్సాప్ గ్రూప్, తొమ్మిది వందల మంది. అందులో ఒక ఫోటో. పళ్ల పళ్లేనికి అటు పరంధామయ్య, ఇటు నీరజ్ వాళ్లమ్మ ఉమ. కింద ఇలా ఉంది: “మా అమ్మాయి శ్రీవల్లికి, ఉమగారి అబ్బాయి నీరజ్‌కి సంబంధం ఖాయమైందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. ముహూర్తం మార్చి 7. మీ ఆశీస్సులు కోరుతూ, పరంధామయ్య.” అప్పటికి 314 మంది ఆశీర్వదించారు.

ఆమె స్టోర్ రూములోకి వెళ్లి నాన్నకు ఫోన్ చేసింది. “నన్ను అడిగావా?”

“సర్‌ప్రైజ్ అమ్మా. ఉమగారు నాకు సదస్సు రోజుల నుంచీ తెలుసు. నా స్లైడ్లు ప్రింట్ తీసుకున్న ఆవిడ!”

తర్వాత నీరజ్‌కు చేసింది. “మీ అమ్మకి చెప్పావా?”

“ప్రశ్న అడిగానని చెప్పిన. జవాబు రాలేదని కూడా చెప్పిన.”

“మరి?”

“జవాబు సంగతి పెద్దోళ్లం మేం చూసుకుంటం అన్నది.”

ముగ్గురు ప్రతినిధుల్లో ఒకరి ఆఫీసు ఆ సందేశాన్ని ఇంగ్లీషులోకి మార్పించింది. ఇరవయ్యో తేదీ సాయంత్రం 4 గంటలకు ఫిర్యాదు అందింది. ఇద్దరు సభ్యుల పెళ్లి కుదిరింది, దాచిపెట్టారు, కమిషన్‌లో సమతూకం పోయింది, ఓటింగ్ ఆపాలి అని కోరారు.

నవంబర్ 21, శుక్రవారం, ఉదయం 10 గంటలకు విచారణ మొదలైంది. పరంధామయ్య సూటు వేసుకుని వచ్చి ప్రమాణం చేశాడు.

“మీ అమ్మాయి పెళ్లి నిశ్చయమైందా?” అన్నాడు లాయర్.

“యెస్ సర్.”

శ్రీవల్లి కళ్లు మూసుకుంది.

“ఎవరు నిశ్చయించారు?”

“నేనూ, ఉమగారూ.”

“మీ అమ్మాయిని అడిగారా?”

“ఎందుకు సర్? మంచి సంబంధం.”

“అడిగారా, లేదా?”

“అంటే సర్, మా కల్చర్‌లో...”

“యెస్ ఆర్ నో?”

పరంధామయ్య హాలంతా చూశాడు. తెలుగు సంఘం వాళ్లు నలభై మంది వచ్చి ఉన్నారు. “నో సర్.”

ఉమ వంతు వచ్చింది. అమ్మాయి ఒప్పుకుందా అని ఆమెనూ అడిగారు.

“ఒప్పుకునేదేముంది? మా పిల్లగాడు బంగారం.”

“అంటే అడగలేదు.”

“ఫోటో చూస్తే తెలుస్తలేదా? అందులో ఆమె ఉందా?”

చైర్మన్ ఫోటో తెప్పించుకుని చూశాడు. లేదు. శ్రీవల్లి వైపు తిరిగాడు. “మీరు ప్రమాణం మీద చెప్పండి. ఈ పెళ్లికి అంగీకరించారా?”

“నీరజ్ నన్ను అడిగాడు. నేను జవాబివ్వలేదు.”

“ఎప్పుడు అడిగారు?”

“నవంబర్ 5, సాయంత్రం.”

“ఇన్నాళ్లూ ఎందుకు ఇవ్వలేదు?”

“పేజీ పద్నాలుగు, సర్. మా నాన్నమ్మ రోడ్డు దాటాలి.”

ఎదుటి వరుసలో నీరజ్ నీలం ఫైలు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

11.25కి చైర్మన్ ఉత్తర్వు చదివాడు. నియమంలో ఉన్నది ఇద్దరు సభ్యుల పరస్పర అంగీకారం. తల్లిదండ్రుల అంగీకారం నియమంలో లేదు. పెళ్లికూతుర్ని ఎవరూ లెక్కలోకి తీసుకోనందున ఫిర్యాదు చెల్లదు.

పరంధామయ్య కారిడార్‌లో కూతురి పక్కన చేరాడు. “చూశావా? అడక్కపోవడం ఎంత మంచిదైందో!”

“నాన్నా, నా పేరున ఇంకో ఫారం ఎప్పుడూ నింపకు.”

“అదేంటమ్మా...”

“ఎప్పుడూ.”

ఆయన టై వదులు చేసుకున్నాడు.

సాయంత్రం 4.10కి ఓటింగ్ జరిగింది. మ్యాప్‌కు అనుకూలంగా డెమొక్రాట్లు ముగ్గురు, రిపబ్లికన్లు ఇద్దరు, చైర్మన్. ఆరుకు మూడు. వెస్ట్‌బ్రూక్ మొత్తం ఒకే నియోజకవర్గంలోకి వచ్చింది.

5.06కి నీరజ్ కాఫీ మెషీన్ల దగ్గర ఆమెను కలిశాడు. “టైమైంది.”

“నీ ప్రశ్న ఎక్స్‌పైర్ అయింది. మా ఫార్మసీలో మందు రెండు వారాల్లో తీసుకెళ్లకపోతే తిరిగి అరలో పెట్టేస్తాం, మళ్లీ అడగాలి.”

“నన్ను పెళ్లి చేసుకుంటావా?”

“ఇది నువ్వే అడుగుతున్నావా, మీ అమ్మా?”

“నేనే.”

“అయితే చేసుకుంటాను.”

5.20కి ఇద్దరూ లాయర్ గదికి వెళ్లారు. ఆయన కోటు వేసుకుని బయల్దేరబోతున్నాడు. ఫారం మీద అంగీకరించిన సమయం దగ్గర శ్రీవల్లి 5.08 అని రాసింది. ఇద్దరిలో ఎవరు తప్పుకుంటారని లాయర్ అడిగాడు. సమతూకం చెడకూడదని ఇద్దరూ రాజీనామా చేశారు. కమిషన్‌లో ఇప్పుడు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు.

పాత ప్రతినిధులు ముగ్గురూ కొత్త నియోజకవర్గం నుంచే పోటీ చేస్తామని ప్రకటించారు. నవంబర్ 24న మిల్ రోడ్డు సిగ్నల్ అత్యవసరమని ముగ్గురూ రోడ్ల శాఖకు ఉత్తరాలు రాశారు. మూడూ ఒకే రోజు చేరాయి. ఫిబ్రవరి 26 ఉదయం సిగ్నల్ వెలిగింది. 9.12కి ధనమ్మ రోడ్డు దాటింది. అవతల ముగ్గురు ప్రతినిధుల మనుషులు బొకేలతో నిలబడి ఉన్నారు. ఆమె ఆగలేదు.

మార్చి 7న పెళ్లి జరిగింది. వారం తర్వాత కొత్త చిరునామాతో ఓటరు ఫారాలు నింపాల్సి వచ్చినప్పుడు పరంధామయ్య జేబులోంచి పెన్ను తీశాడు. ధనమ్మ ఆ పెన్ను తీసుకుని తన దగ్గర పెట్టుకుంది.

మార్చి 16, సోమవారం, ఉదయం 11 గంటలకు కౌంటీ ఆఫీసుకు ఒకే చిరునామా నుంచి రెండు ఫారాలు అందాయి. రెండింటి మీద చేతిరాతలు వేరు.